చిన్నాకు, కొండెక్కే ముందు

చిన్నా,

నిన్న కోడలు పిల్ల ఫోన్ చేసి చెప్పింది. రెండు రోజులు సైకిళ్ల మీద వెళ్లి, మూడో రోజు పొద్దున్నే కొండెక్కుతారట. నువ్వు, తను, పద్నాలుగేళ్ల పిల్ల, అరవై దాటిన మా అన్నయ్య. క్యాన్సర్ వచ్చిన పిల్లల వైద్యం కోసం విరాళాలు పోగు చేస్తున్నారట. మన ఇంట్లో పిల్లలు ఇంత పని తలకెత్తుకున్నారంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ రాత్రి నిద్ర పట్టలేదురా. ఫోన్‌లో అయితే నువ్వు "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను.

సైకిళ్ల గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. బ్రేకులు, టైర్లు, గొలుసు చూసుకో. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెడితే, పెడల్ కిందికి వెళ్లినప్పుడు కాలు నిటారుగా రావాలి. సీటు అంతకన్నా కిందికి ఉంటే మోకాళ్లు పట్టేస్తాయి. మీ నాన్న సీటు నువ్వే దగ్గరుండి సరిచెయ్యి, ఆయన మాట నమ్మకు. మెత్త ఉన్న సైక్లింగ్ నిక్కరు కింద లోదుస్తులు వేసుకోకూడదని పిల్లకు వాళ్లమ్మ చేత చెప్పించు, లేకపోతే మొదటి సాయంత్రానికే చర్మం ఒరుసుకుపోతుంది. దారిలో ఆకలి వేసేదాకా ఆగొద్దు. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్తూ ఉండాలి. ఒకసారి నీరసం వచ్చాక ఎంత తిన్నా ఆ పూటకు కోలుకోవడం కష్టం.

సైకిల్ తొక్కేవాళ్లు పొరపాటు పడేది ఒకటుంది. రెండు రోజులు తొక్కితే కాళ్లు కొండకు తయారైనట్టే అనుకుంటారు. ఎక్కడానికి తయారవుతాయి, నిజమే. దిగడానికి కాదు. పెడల్ తొక్కేటప్పుడు తొడ కండరం బిగుసుకుని పొట్టిదవుతుంది. కొండ దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, ఒంటి బరువును ఆపుతూ పనిచెయ్యాలి. ఆ పని సైకిల్ మీద అస్సలు ఉండదు. ఎన్నేళ్లు తొక్కినవాళ్లకైనా దిగుడులో తొడలు వణకడం అందుకే. కాబట్టి ఇప్పటి నుంచే అందరూ మెట్లు దిగండి. ఎక్కడం కాదు, దిగడం. వీపున కాస్త బరువు పెట్టుకుని, నెమ్మదిగా, వారానికి రెండు మూడు సార్లు. కొండ మీదికి చేతికర్రలు తీసుకెళ్లండి. సైకిళ్లు దిగిన మర్నాడే కొండెక్కాలన్న ఆలోచన మాత్రం మానుకో. మధ్యలో ఒక రోజు ఖాళీ పెట్టు. మూడు రోజుల్లో పూర్తి చేస్తామని ప్రచారంలో చెప్పేశారని కోడలు పిల్ల అంది. నాలుగు రోజులని మార్చి చెప్పండి, డబ్బిచ్చేవాళ్లెవరూ ఏమీ అనుకోరు.

ఆ ఖాళీ రోజు ఇంకొకందుకు కూడా కావాలి. మీరెక్కే కొండ 3,000 మీటర్లు దాటుతుందట. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా ఎత్తు పడకపోవచ్చు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం. ఒంట్లో బలం ఉంది కదా అని అది వదలదు, బాగా వ్యాయామం చేసే కుర్రాళ్లకూ వస్తుంది. బలం ఉన్నవాళ్లు తొందరగా పైకి వెళ్లిపోతారు కాబట్టి వాళ్లే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. తలనొప్పి మొదలైతే ఇంక పైకి వెళ్లకండి. తగ్గకపోయినా, నడక తూలినా, ఊపిరి అందకపోయినా వెంటనే కిందికి దిగడమే మందు.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని మీ నాన్న నీకు చెప్పి ఉండడు.

మా చిన్నప్పుడు అన్నయ్యా నేనూ ఒక బృందంతో కొండెక్కడానికి వెళ్లాం. అది కూడా విరాళాల కోసమే. నా కాలు బెణికి నేను కింద గుడారం దగ్గర ఉండిపోయాను. బృందాన్ని నడిపినాయన మంచివాడు, అనుభవం ఉన్నవాడు. ఎక్కడున్నా సరే మధ్యాహ్నం పన్నెండుకు వెనక్కి తిరగాలని పొద్దున ఆయనే అందరికీ చెప్పాడు. కానీ విరాళాలకు ఒక షరతు పెట్టుకున్నారు. సగం ముందు, మిగతా సగం శిఖరం మీద ఫొటో చూపించాక. పన్నెండయ్యేసరికి శిఖరం కళ్లెదురుగా ఉంది. అన్నయ్య అలిసిపోయి ఒక బండ మీద కూర్చున్నాడు. "నేను బాగానే ఉన్నాను, మీరు వెళ్లి రండి" అన్నాడు. వాళ్లు వెళ్లిపోయారు. ఒక్కణ్ణి వదిలేసి.

పైన మబ్బు కమ్మింది. చెమటతో తడిసిన నూలు చొక్కా, ఈదురు గాలి. నడుస్తున్నంతసేపూ ఒళ్లు తనను తాను వెచ్చగా ఉంచుకుంటుంది, కూర్చుంటే ఆ వేడి పోతుంది. పైగా వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారుగా ఆరున్నర డిగ్రీల చలి పెరుగుతుంది. కాసేపటికి వణుకు తట్టుకోలేక ఒంటరిగా దిగడం మొదలుపెట్టాడు. వాళ్లు తిరిగొచ్చేసరికి బండ మీద ఎవరూ లేరు. చీకటి పడ్డాక సామాన్లు మోసే ఇద్దరికి దారి పక్కన దొరికాడు. గుడారం దగ్గరికి తెచ్చినప్పుడు మాట ముద్దగా వస్తోంది. చొక్కా గుండీ పట్టుకోవడం చేతకావడం లేదు. అప్పటికి వణుకు కూడా ఆగిపోయింది. వణుకు ఆగితే తగ్గిందనుకునేవురా, చలి ఒంట్లోకి దిగిపోయిందని దానర్థం. తడి బట్టలు తీసేసి, కిందా పైనా కప్పి, నేల చలి తగలకుండా మధ్యలో పడుకోబెట్టుకున్నాం. స్పష్టంగా మాట్లాడే స్థితికి వచ్చాక వేడివేడిగా తియ్యటి నీళ్లు కొంచెం కొంచెంగా పట్టాం. బతికాడు. మర్నాడు లేచి మళ్లీ అదే మాట: "నేను బాగానే ఉన్నాను."

అందుకే చెబుతున్నాను. మీ నాన్న "బాగానే ఉన్నాను" అంటే ఆగి, ఆయన ముఖం చూడు. మాట తడబడుతోందా, అడుగు తూలుతోందా, గుండీ పెట్టుకోగలుగుతున్నాడా అని చూడు. ఆయన్నే కాదు, పిల్లను కూడా. తాతకు తగ్గ మనవరాలు, అది కూడా నొప్పి చెప్పదు.

నలుగురూ కలిసి వెళ్లి నలుగురూ కలిసి తిరగాలి. అందరిలో నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుండాలి, నువ్వు చివర ఉండు. ఎక్కడైనా ఎవరైనా ఆగిపోతే, మిగతావాళ్లకు ఎంత దగ్గర్లో శిఖరం కనిపిస్తున్నా అందరూ దిగాలి. వెనక్కి తిరిగే సమయం ముందురోజు రాత్రే కాగితం మీద రాయి. 1892లో నైస్మిత్ అనే ఆయన చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్ల నడకకు గంట, 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అంటే 5 కిలోమీటర్ల దారిలో 900 మీటర్లు ఎక్కాలంటే రెండున్నర గంటలు. అది ఆగకుండా నడిచే బలమైనవాళ్ల లెక్క. మీ నలుగురికీ దాదాపు రెట్టింపు వేసుకో. పైకి వెళ్లడానికే కాదు, వెలుగుండగా దిగడానికి కూడా టైమ్ ఉందా అని చూసుకో. తలకు కట్టుకునే లైట్లు, ఈలలు అందరి దగ్గరా ఉండాలి. ఆపదలో నిమిషానికి ఆరుసార్లు ఈల వేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వెయ్యాలి. జవాబుగా మూడు ఈలలు వినిపిస్తాయి. పిల్లకు నేర్పించు, దానికి సరదాగా కూడా ఉంటుంది.

విరాళాల విషయంలో ఒక్క మాట. శిఖరం చేరితేనే డబ్బు అన్న షరతు ఎవరు పెట్టినా ఒప్పుకోకు. ముందే రాసి పంపు: మేము ఎక్కడి నుంచి వెనక్కి తిరిగినా మీరిచ్చింది పిల్లల వైద్యానికే వెళ్తుంది అని. మీ ప్రయాణం ఖర్చు మీ జేబులోంచి పెట్టుకోండి, విరాళాలకు వేరే ఖాతా తెరిచి లెక్క అందరికీ చూపించండి. కొండ మీద కాలు ఆడనప్పుడు ఎవరికో ఇచ్చిన మాట గుర్తొచ్చి టెన్షన్ పడకూడదు మీరు.

ఇన్ని చెప్పానని వద్దంటున్నానని అనుకోకు. వెళ్లండి. ఆ వయసులో మనవరాలి పక్కన సైకిల్ తొక్కే అదృష్టం మా అన్నయ్యకు దక్కుతోందంటే నాకు కళ్లు చెమరుస్తున్నాయి. ఈ వారంలోనే ఆయన్ని గుండె డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఒళ్లు శ్రమపడేటప్పుడు గుండె ఎలా పనిచేస్తుందో పరీక్ష చేయించు. రానంటే అత్త రమ్మందని చెప్పు. రిపోర్ట్ వచ్చిన రోజే నాకు ఫోన్ చెయ్యి, వెనక్కి తిరిగే సమయం ఎంత అనుకున్నారో అది కూడా చెప్పు. దాతల జాబితాలో నా పేరు ఇప్పుడే రాసుకో.

మీ అత్త