స్కోరు బాగానే ఉంది, వెన్నుపూస ఎలా విరిగింది?

ప్రశ్న: అమ్మకు 63 ఏళ్లు. నీళ్ల బిందె ఎత్తుతుంటే నడుము కలుక్కుమంది. ఎల్1 (నడుములో మొదటి) వెన్నుపూస ముందువైపు నొక్కుకుపోయిందన్నారు. ఎముక సాంద్రత కొలిచే డెక్సా పరీక్షలో టీ-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చిన అంకె) మైనస్ 1.9 మాత్రమే, ఎముకలు గుల్లబారాయనే గీత దాటలేదు. మరి ఎలా విరిగింది? బెల్టు ఎన్నాళ్లు పెట్టుకోవాలి? మోకాళ్ల నొప్పులకు ఏడాదిగా మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుంటోంది, వేరే జబ్బుల్లేవు.

జవాబు: బెల్టు సంగతి తర్వాత. ముందు ఆ మాత్రల స్ట్రిప్పు తిప్పి చూడండి. ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ అని ఉంటే అవి స్టెరాయిడ్లు. పొట్లంలో విడిమాత్రలు కట్టిస్తుంటే నా అనుమానం ఇంకా ఎక్కువ. రోజూ 5 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్ మూడు నెలలు వాడినా వెన్నుపూసకు ముప్పే. అలాగని ఇవాళే మానేయించొద్దు. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఫిజీషియన్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

వెన్నుపూస పైపెంకు చాలా పల్చన. బరువులో ఎక్కువ భాగం మోసేది లోపలి జాలీ ఎముక: నిలువు కాడలు, వాటిని పట్టి ఉంచే అడ్డ కాడలు. మెనోపాజ్ తర్వాత ముందు తెగేవి అడ్డవే. సర్వీ కర్రల పరంజాలో ఒక అడ్డకర్ర విప్పితే నిలువు కర్ర సన్నబడదు, కానీ ఊతం లేని పొడవు రెట్టింపై, వంగకుండా మోసే బరువు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. డెక్సా ఖనిజాన్ని లెక్కగడుతుంది, అడ్డ కాడలు మిగిలాయో లేదో చెప్పదు. పైగా నొక్కుకుపోయిన ఎల్1ను కూడా లెక్కలో కలిపితే స్కోరు ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. ముందుకు వంగి బిందె ఎత్తినప్పుడు భారమంతా పూస ముందుభాగం మీదే.

బిందెకే పూస విరిగిందంటే, క్షయ, మైలోమా (ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్), ఇతర క్యాన్సర్లు లేవని తేలాక, స్కోరు ఎంతున్నా ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) కిందే చూస్తాం. సీబీసీ, ఈఎస్ఆర్, కాల్షియం, విటమిన్ డి, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ (మైలోమా కోసం చేసే పరీక్ష) చేయించండి. కాల్షియం మాత్రతో సరిపెట్టకండి. ఒక పూస విరిగినవారికి మరోటి విరిగే ముప్పు బాగా పెరుగుతుంది. ఎముక మందు మాత్రో, ఇంజెక్షనో కిడ్నీల రిపోర్టు చూశాకే.

బెల్టు సాధారణంగా 6 నుంచి 12 వారాలు, నొప్పిని బట్టి. నెలల తరబడి మంచానికే పరిమితం చేస్తే ఎముక ఇంకా గుల్లబారుతుంది. చూడకుండా ఇంతకుమించి చెప్పలేను. కాళ్లు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం ఆగినా, అదుపు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.