మీ కుట్టు ప్రశ్నలు: చొక్కా చేతులకు మడత కుట్టు

ప్రశ్న: మావారికి పొందూరు ఖద్దరుతో ఫుల్ చేతుల చొక్కా కుడుతున్నాను. ఓవర్‌లాక్ వద్దనుకుని, అంచులు లోపలికి పోయేలా మడత కుట్టు వేస్తున్నాను. పక్కకుట్లు బాగానే వస్తున్నాయి, చంక రౌండు మాత్రం ముడతలు పడిపోతోంది. కారణం ఏమిటి?
- పాఠకురాలు, పొందూరు

జవాబు: కారణం చాలావరకు మిషను దగ్గర కాదు, కత్తిరింపులో ఉంటుంది. రెండు ముక్కలకూ సమానంగా మార్జిన్ (కుట్టు గీతకు బయట వదిలే గుడ్డ) వదిలి, కుట్టాక ఏదో ఒకటి కోసి రెండోదాన్ని మడిచే పద్ధతి తిన్నటి కుట్టుకు సరిపోతుంది. చంక రౌండుకు ఏ వైపు వెడల్పు, ఏ వైపు సన్నం అన్నది ముందే తేలాలి. చేతి పై రౌండుకు 16 మి.మీ., బాడీ చంకకు 9 మి.మీ. వదలండి. మడత ఎప్పుడూ బాడీ వైపే పడుకోవాలి.

ఎందుకంటే, చేతి పై రౌండు బయటికి ఉబ్బిన వంపు. దాని మార్జిన్ అంచు కుట్టు గీతకన్నా పొడవుగా ఉంటుంది. బాడీ మీద చంక గీత నుంచి లోపలికి వెళ్లేకొద్దీ కావలసిన పొడవు కూడా పెరుగుతుంది. అందుకే చేతి మార్జిన్ అక్కడ సాఫీగా పరుచుకుంటుంది. తిరగేసి బాడీ మార్జిన్‌తో చేతి మార్జిన్‌ను చుట్టి చేతి వైపు మడిస్తే, లోపల ఇరుక్కున్న ఆ పొడవాటి అంచుకు చోటు చాలదు. మీకు పడుతున్న ముడత బహుశా అదే.

ఇక పని. చేతి పై రౌండు అంచుకు 3 మి.మీ. లోపల పొడవు కుట్టు ఒకటి వేసి, నడిమి భాగంలో దారం కొద్దిగా లాగండి. ఆ అంచును 7 మి.మీ. మేర చేతి గుడ్డ పై వైపుకు మడిచి ఇస్త్రీ చేయండి. లోపలి వైపుకు కాదు, ఇక్కడే చాలామంది పొరపడతారు. చేతిని పై వైపు మీకు కనిపించేలా బల్ల మీద పరచి, దాని మీద బాడీని బోర్లించి, బాడీ అంచును ఆ మడతలో దూర్చండి. ఖద్దరు జారదు కానీ సాగుతుంది, కాబట్టి గుండుసూదులతో ఆపకుండా కచ్చా కుట్టు వేయండి. మడత అంచు నుంచి 9 మి.మీ. దూరంలో మొదటి కుట్టు. తర్వాత విప్పి, మార్జిన్లన్నీ బాడీ వైపు తోసి ఇస్త్రీ చేసి, మడత అంచుకు ఒకటిన్నర మి.మీ. లోపల రెండో కుట్టు. ఇది లోపలి వైపు నుంచి వేస్తే మడత కంటికి కనిపిస్తుంది. అప్పుడు చొక్కా పైన కనిపించేది బాబిన్ దారం, కనుక బాబిన్ బిగువు ముక్క గుడ్డ మీద ముందే చూసుకోండి.

బాడీ మార్జిన్ బిగిసినట్టుంటే రెండు మూడు సెంటీమీటర్లకొకటి చొప్పున 3 మి.మీ. లోతు గాట్లు పెట్టండి, అవి మడతలో దాగిపోతాయి. చేతి మార్జిన్‌కు మాత్రం గాటు పెట్టకూడదు. చంక కింది భాగంలో చేతి వంపు కూడా లోపలికే తిరుగుతుంది. అక్కడ తడిగుడ్డ వేసి ఇస్త్రీతో అంచును కొద్దిగా సాగదీస్తే చాలు, ఏటవాలు నేత కాబట్టి వస్తుంది.

ఒక్కటి సరిచూడండి: కుట్టు గీత మీద కొలిస్తే చేతి రౌండు చంక రౌండుకన్నా 1 సెం.మీ. మించి ఎక్కువ ఉండకూడదు. జాకెట్టు చేతిలా ఎత్తుగా కోస్తే ఎంత ఇస్త్రీ చేసినా ఈ కుట్టు చదునుగా రాదు. నూరు కౌంటు నూలుతో నేసిన గుడ్డకు ఇంత శ్రమా అనిపించవచ్చు. అంత సన్నని చేతి నూలు అంచున త్వరగా పీచు లేస్తుంది, అలాంటి గుడ్డకే ఈ కుట్టు బాగా అవసరం.

ప్రశ్న: చంక కింద నాలుగు కుట్లు కలిసేచోట మిషను ఆగిపోతోంది, సూది విరుగుతోంది. ఫుల్ చేతి లోపల రెండో కుట్టు వేయడం కూడా కష్టంగా ఉంది.
- పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: మడత కుట్టు ఒక్కోచోట నాలుగు పొరలు. రెండు కుట్లు అడ్డంగా కలిస్తే పదహారు. పక్కకుట్టు వేసే ముందు, ఆ కూడలిలో సన్నని మార్జిన్ మూలలను ఏటవాలుగా కోసేయండి, మందం బాగా తగ్గుతుంది. అక్కడికి రాగానే పెడలు మీద నుంచి కాలు తీసి చక్రం చేత్తో తిప్పండి. మిషను పాదం, అంటే గుడ్డను నొక్కిపట్టే ముక్క, వెనక్కి వాలుతుంటే దాని కింద వెనకవైపు గుడ్డ మడత పెట్టి సమం చేయండి. 14 నంబరు సూది చాలకపోతే 16 పెట్టండి.

ముందు చేతులు బాడీకి ఎక్కించి, ఆ తర్వాతే చొక్కా అంచు నుంచి చేతి మణికట్టు దాకా ఒకే కుట్టుగా పక్కలు మూయాలి. ముందు భాగానికి 9, వెనక భాగానికి 16 మి.మీ. వదలండి. రెండో కుట్టుకు చొక్కా తిరగేసి, చేతిని పాదం చుట్టూ కుచ్చులా పోగుచేసుకుంటూ నాలుగైదు సెంటీమీటర్లు కుట్టడం, సూది గుడ్డలోనే ఉంచి పాదం ఎత్తి సర్దుకోవడం, మళ్లీ కుట్టడం. తొందరపడితే కింది పొర కుట్టులో పడిపోతుంది. చిన్నపిల్లల చొక్కాల సన్నని చేతులకు ఈ అవస్థ వద్దు, అంచులు లోపల దాగేలా రెండుసార్లు కుట్టే ఫ్రెంచి కుట్టు వేసేయండి.

ప్రశ్న: దీనికి ప్రత్యేకమైన పాదం కొనాలా?
- పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: అక్కర్లేదు. మడత కుట్టు కోసమే దొరికే ఫెల్లింగ్ పాదం తిన్నటి కుట్టుకు పనికొస్తుంది, చంక వంపులో మడత జారిపోతుంది. మామూలు పాదం, వేడి ఇస్త్రీపెట్టె చాలు.

ప్రశ్న: కుట్టినప్పుడు బాగుంది, ఉతికాక కుట్టు వెంట గుడ్డ కుచ్చుకుపోయింది.
- పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: నూలు గుడ్డ నీళ్లలో కుంచించుకుంది, పాలిస్టర్ దారం కుంచించుకోలేదు. కోయడానికి ముందే గుడ్డను రాత్రంతా నానబెట్టి, పిండకుండా ఆరేసి, ఇస్త్రీ చేయండి. అంగుళానికి 10 నుంచి 12 కుట్లు పడేలా పెట్టి, పై దారం బిగువు ఒక మెట్టు తగ్గించండి. ఇప్పటికే కుట్టిన చొక్కా అయితే తడిపి, కుట్టు వెంట రెండు చేతులతో లాగుతూ ఇస్త్రీ చేస్తే కొంతవరకు సర్దుకుంటుంది.