ఏ మాత్ర, ఏ హార్మోను?

చిరంజీవి మాధవికి,

నీ వ్యాసం చదివాను. భాష హాయిగా సాగింది. రెండో పేరాలో మాత్రం ఆగిపోయాను. ‘బీపీ మాత్రలు హార్మోన్లను తగ్గిస్తాయి’ అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఏ మాత్ర? ఏ హార్మోను? అసలు సంగతంతా అక్కడే ఉందమ్మా.

రక్తపోటు తగ్గినట్టు తోస్తే కిడ్నీ రెనిన్ అనే ఎంజైమును రక్తంలోకి వదులుతుంది. దానివల్ల యాంజియోటెన్సిన్ 1 అనే పదార్థం పుడుతుంది. ఏసీఈ అనే ఎంజైము దాన్ని యాంజియోటెన్సిన్ 2 అనే హార్మోనుగా మారుస్తుంది. అది రక్తనాళాలను బిగించి, అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టెరాన్ అనే మరో హార్మోనును వదిలిస్తుంది. ఆల్డోస్టెరాన్ ఉప్పును ఒంట్లో నిలిపి పొటాషియంను బయటికి పంపుతుంది. ఇంతవరకు నువ్వూ రాశావు. తిరుగుదారి వదిలేశావు. యాంజియోటెన్సిన్ 2 చాలినంత ఉంటే కిడ్నీ రెనిన్ వదలడం తగ్గించుకుంటుంది.

ఇప్పుడు ఎనాలాప్రిల్ అనే బీపీ మాత్ర సంగతి చూడు. అది ఏసీఈకి అడ్డుపడుతుంది. యాంజియోటెన్సిన్ 2 తగ్గేసరికి కిడ్నీకి అదుపు లేక రెనిన్ పెరుగుతుంది. టెల్మిసార్టాన్ అనే మాత్ర తీరు వేరు. హార్మోను తయారీ జోలికి పోదు, హార్మోను వెళ్లి అతుక్కునే రిసెప్టర్‌ను మూసేస్తుంది. అందుకే రక్తంలో రెనిన్, యాంజియోటెన్సిన్ 2 రెండూ పెరిగినా బీపీ దిగుతుంది. తాళం మార్చేశాక పాత తాళంచెవులు గుత్తెడున్నా తలుపు తెరుచుకోదు కదా. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు రెనిన్‌ను తగ్గిస్తాయి. మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు పెంచుతాయి. రెనిన్‌కే నేరుగా అడ్డుపడే అలిస్కిరెన్ అయితే మరీ చిత్రం: రక్తంలో రెనిన్ పరిమాణం పెరుగుతుంది, దాని పనితనం పడిపోతుంది. ల్యాబు కొలిచింది ఈ రెండిటిలో ఏదో చూసుకోకుండా అంకెలు రాయకు.

ఈ తేడాలు పాఠకుడికెందుకు అంటావేమో. ఆల్డోస్టెరాన్ మోతాదు మించి తయారవుతోందా అని తెలుసుకోవడానికి ఆల్డోస్టెరాన్, రెనిన్ నిష్పత్తి చూస్తారు. బీటా బ్లాకర్ వాడే మనిషిలో రెనిన్ తగ్గి, లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు. టెల్మిసార్టాన్ వాడితే రెనిన్ పెరిగి, ఉన్న జబ్బు దాగిపోవచ్చు. అందుకే కొన్ని మందులు ఆ పరీక్షకు ముందే ఆపమంటారు. ఆల్డోస్టెరాన్‌కు అడ్డుపడే స్పైరనోలాక్టోన్‌నైతే సాధారణంగా 4 వారాల ముందు. కానీ ఆపాలో వద్దో చెప్పాల్సింది డాక్టరేనని అదే వాక్యంలో రాయి, పక్క పేజీలో కాదు. బీటా బ్లాకర్‌ను ఉన్నట్టుండి మానేస్తే గుండెకే ముప్పు.

స్పైరనోలాక్టోన్‌ను ‘కొన్ని దుష్ప్రభావాలు’ అంటూ దాటేశావు. అది ఆల్డోస్టెరాన్‌తో పాటు పురుష హార్మోన్ల రిసెప్టర్లను కూడా అడ్డుకుంటుంది. కొందరు మగవాళ్లకు రొమ్ము ఉబ్బుతుంది, నొప్పి పుడుతుంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పరు, గుట్టుగా మాత్ర మానేస్తారు. నీ వ్యాసం ఎక్కువగా పనికొచ్చేది వాళ్లకే. అదే కోవకు చెందిన ఎప్లరినోన్‌తో ఈ బాధ చాలా తక్కువని, డాక్టరును అడగవచ్చని చెప్పు.

మరొకటి. గర్భిణులు ఎనాలాప్రిల్, టెల్మిసార్టాన్ రకాల మందులు వాడకూడదన్న మాట చివరి పేరాలో ఇరుక్కుపోయింది, పైకి తీసుకురా. నీ వ్యాసంలోని బొమ్మలో బాణాలన్నీ కిందికే ఉన్నాయి. యాంజియోటెన్సిన్ 2 నుంచి కిడ్నీకి తిరిగొచ్చే బాణం గీయించి, ఆ రెండో పేరా తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు