బోర్డు నాన్న చదివే ఉంటారు

ప్రశ్న: మాది కూర్మన్నపాలెం. నాన్నకు 64 ఏళ్లు, స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరయ్యారు. పెద్దపేగు క్యాన్సర్ అని తేలితే ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు అగనంపూడిలో కీమో, నాలుగు సైకిళ్లు (విడతలు) అయ్యాయి. ఆయనకు మాత్రం ‘పేగులో పుండు, సెలైన్లు పెడితే తగ్గిపోతుంది’ అని చెప్పాం. బెంగళూరులో ఉన్న తమ్ముడి పట్టుదల అది. నాన్న సాయంత్రాలు స్నేహితుల దగ్గరకు వెళ్లడం మానేశారు. తిండి తగ్గింది. రాత్రి మూడింటికి లేచి కూర్చుంటున్నారు. మొన్న పాస్‌బుక్కు, ఎల్ఐసీ బాండ్లు కవర్లో పెట్టి నా చేతికిచ్చారు. నిజం చెబితే కుంగిపోతారేమో. ఏం చెయ్యమంటారు?

జవాబు: పుండు మానుతుందనుకునే మనిషి కూతురి చేతిలో బాండ్లు పెట్టడమ్మా. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి గేటు ఆయన ఎన్నిసార్లు దాటి ఉంటారు! పక్క కుర్చీల్లో జుట్టు రాలినవాళ్ల మధ్య గంటలకొద్దీ కూర్చుని వస్తున్నారు. ఇలాగే ఒక పెద్దాయన నాతో నవ్వుతూ అన్నారు: “మాకు బోర్డు చదవడం రాదనుకున్నారేటి మా పిల్లలు?” ఇంట్లోవాళ్లు బాధపడతారని ఆయనా తెలియనట్టే ఉండేవారట. మీ ఇంట్లోనూ అదే జరుగుతోందని నా అనుమానం. కుంగుబాటు మీరు నిజం చెబితే మొదలయ్యేది కాదు, ఇప్పటికే ఉంది. దాన్ని ఆయన ఒక్కరే మోస్తున్నారు.

ఇంకో నష్టం కూడా ఉంది, దీని గురించి ఎవరూ ఆలోచించరు. డాక్టరుతో అసలు మాటలు మీరు బయట మాట్లాడుకుంటారు. లోపల ఆయన “బాగానే ఉందండీ” అనేసి వచ్చేస్తారు. పేగు క్యాన్సర్‌కి తరచుగా వాడే ఆక్సాలిప్లాటిన్ అనే మందుతో వేళ్లు తిమ్మిరెక్కుతాయి, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటాయి. సైకిళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. సమయానికి చెబితే డోసు తగ్గిస్తారు, లేదా ఆపుతారు. చెప్పకపోతే కీమో అయిపోయాక కూడా నెలల తరబడి ఉండిపోవచ్చు. నాన్న చొక్కా గుండీలు పెట్టుకోడానికి తడబడుతున్నారేమో ఒకసారి గమనించండి. అలాగే కీమో రోజుల్లో జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఆ సంగతి తెలియాల్సింది ముందు ఆయనకే కదా!

అలాగని ఎదురుగా కూర్చోబెట్టి రిపోర్టు చదివి వినిపించమనడం లేదు. కీమో అయిన రెండు మూడు రోజులు వదిలెయ్యండి. వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్ వల్ల ఆ రోజుల్లో నిద్ర పట్టదు, చిరాకు ఎక్కువ. కాస్త తేరుకున్న సాయంత్రం ఆ కవరే బయటికి తియ్యండి. “ఇది నాకెందుకిచ్చావు నాన్నా?” అని అడిగి ఊరుకోండి. మీరు నింపాలని చూడకుండా ఆ నిశ్శబ్దాన్ని ఉండనివ్వండి. ఆయన ‘క్యాన్సరేనా?’ అంటే అబద్ధం వద్దు. ‘ఎన్నాళ్లు?’ అంటే మీరు అంకెలు చెప్పొద్దు, డాక్టరుగారిని ఇద్దరం కలిసి అడుగుదామనండి. ‘నాకేం చెప్పొద్దు, మీరే చూసుకోండి’ అన్నారా, అదీ ఆయన హక్కే. కొందరికి అంతే చాలు. ‘ధైర్యంగా ఉండు’ అనే మాట మాత్రం నోటికి రానివ్వకండి. ఆ మాట వింటే అవతలి మనిషి తన భయం చెప్పుకోవడం మానేస్తాడు.

నిద్ర, తిండి సంగతి వచ్చే విజిట్లో విడిగా చెప్పండి. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. క్యాన్సరొస్తే దిగులు మామూలేగా అని వదిలెయ్యొద్దు, దానికి వైద్యం ఉంది. చినవాల్తేరు మానసిక ఆస్పత్రి పేరెత్తితే ఇంట్లో గొడవవుతుందంటే ముందు 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. మీరు మాట్లాడుకోడానికైనా సరే. ‘బతికి ఏం లాభం’ లాంటి మాట నాన్న నోట వస్తే మాత్రం ఫోన్‌తో ఆగకుండా అదే రోజు డాక్టరుకి చూపించండి. పాలియేటివ్ కేర్ వాళ్లని కలవమంటే కంగారు పడకండి. అది చివరి రోజుల వైద్యమని మనవాళ్లు అనుకుంటారు గానీ, నొప్పి, వికారం, నిద్ర, భయం చూసుకోడానికి కీమోతోపాటే మొదలుపెట్టొచ్చు.

ఇక తమ్ముడు. ఫోన్లో వాదించి లాభం లేదు. ఒక సైకిల్‌కి సెలవు పెట్టి వచ్చి నాన్నని తనే ఆస్పత్రికి తీసుకెళ్లమనండి. ఆ గేటు దాటి, ఆ కుర్చీ పక్కన సాయంత్రందాకా కూర్చుని వచ్చాక కూడా పుండనే చెబుదామంటాడేమో అప్పుడు చూద్దాం.