అట్ట మీద ధర వేసే ముందు

చిరంజీవి అమ్మాయికి, మావయ్య ఆశీస్సులు.

పెన్నా ఒడ్డు గుళ్ళ మీద మాస్టారు రాసిన పుస్తకం ప్రెస్సుకి వెళ్తోందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. 160 పేజీలకు 120 రూపాయలు వేస్తున్నావట. అట్ట ప్రింటు కాకముందే ఆ అంకె మార్చు తల్లీ.

కాపీకి ప్రెస్సు ఖర్చు 60, రెట్టింపు వేస్తే సగం మిగులుతుందని కదా నీ లెక్క? విజయవాడ ఏలూరు రోడ్డులో షాపువాళ్ళు 40 శాతం కమిషన్ అడిగితే 48 పోయినట్టే. మాస్టారికి పది శాతం రాయల్టీ 12. మిగిలిన 60 ప్రెస్సుకే సరి. నీకేం మిగిలింది? అదే 180 వేస్తే షాపుకు 72, మాస్టారికి 18, ప్రెస్సుకు 60 పోను చేతికి 30 వస్తాయి. ట్రాన్స్‌పోర్టు, నలిగి తిరిగొచ్చే కాపీలు, ఊరికే ఇవ్వాల్సిన కాపీలు, అన్నీ ఆ 30లోంచే. నెల్లూరులో అంత పెట్టి ఎవరు కొంటారని టెన్షన్ పడకు. జొన్నవాడ ఉత్సవాల్లో నువ్వే బల్ల వేసి అమ్మితే కమిషన్ ఉండదు, అక్కడ 150కి ఇవ్వు. అట్ట మీద ధర మాత్రం తగ్గించొద్దు. తక్కువ ధర వేసి, పుస్తకాలన్నీ అమ్ముడుపోయినా రెండో పుస్తకానికి డబ్బుల్లేక ఆగిపోయినవాళ్ళని చూశాను, ఆ బాధ నీకు రాకూడదు.

పోస్టులో పంపేవాటికి బరువు చూసుకోవాలి. 2025 మే నుంచి పుస్తకాల కోసం తపాలా శాఖవాళ్ళ జ్ఞాన్ పోస్ట్ ఉంది, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. డెమ్మీ సైజు, 70 జీఎస్ఎం (చదరపు మీటరు 70 గ్రాములు తూగే) కాగితం అయితే నీ పుస్తకం 190 గ్రాములకు అటూఇటూ తూగుతుంది. 256 పేజీలైతే పోస్టు కవరుతో కలిపి 300 దాటిపోతుంది. మాస్టారు ఇంకో అధ్యాయం కలుపుతానంటే ఈ సంగతి గుర్తుంచుకో. లోపల వ్యాపార ప్రకటనలు వేశావా, ఆ రేటుకు తీసుకోరు.

ఈబుక్ 30కో 40కో ఇచ్చేద్దామనుకోకు. కాగితం ఖర్చు లేదు గానీ ప్రూఫులు దిద్దిన కష్టం, మాస్టారి కష్టం అంతే కదా. 100 పెట్టు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు అది పెద్ద లెక్క కాదు, పోస్టు ఖర్చే వాళ్ళకు అంతకు ఎన్నో రెట్లు. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. ఈబుక్‌కి ఉంది, అచ్చు ప్రతి ఉంటే 5 శాతం, లేకపోతే 18. కాబట్టి ముందు అచ్చు పుస్తకం రానీ.

గట్టి అట్ట కాపీలు ఆర్డర్లు వచ్చాకే బైండు చేయించు, ధర 300 రూపాయలకి తగ్గకుండా. ఆడియో పుస్తకానికి ధర పెట్టేది మనం కాదు, ఒప్పందంలో మాస్టారి వాటా ఎంతో రాయించు చాలు.

ప్రెస్సువాళ్ళిచ్చిన కొటేషన్ వాట్సాప్‌లో పంపు. అట్టకి లామినేషన్ అందులో కలిపారో లేదో చూసి చెప్తాను.

మావయ్య