కళ్లారా చూసిన సాక్షి లేకపోతే హత్య కేసు నిలబడదా? ఓజే సింప్సన్ కేసు ఏం చెబుతుంది?

నిలబడుతుంది. డీఎన్ఏ, రక్తపు మరకలు కూడా చట్టం దృష్టిలో పరిస్థితుల సాక్ష్యాలే (అంటే నేరాన్ని నేరుగా చూపించవు, వాటి నుంచి ఏం జరిగిందో తేల్చుకోవాలి), వాటి మీదే శిక్షలు పడుతుంటాయి. మాజీ అమెరికన్ ఫుట్‌బాల్ స్టార్ సింప్సన్ తన మాజీ భార్యనీ, ఆమె స్నేహితుణ్ణీ చంపాడన్న 1994 నాటి ఈ లాస్ ఏంజెలెస్ జంట హత్యల కేసులో అలాంటివి బోలెడున్నాయి, కానీ సింప్సన్ నుంచి తీసిన రక్తం ట్యూబుని డిటెక్టివ్ వెంటనే జమ చేయకుండా తనతోపాటు సింప్సన్ ఇంటికే పట్టుకెళ్లాడు. ఆ రక్తాన్నే సాక్ష్యంగా చల్లి ఉంటారని వాదించడానికి డిఫెన్స్‌కి ఇంకేం కావాలి! హంతకుడిదని చెప్పిన తోలు గ్లవ్‌ని సింప్సన్‌ని తొడిగి చూపించమన్నదీ ప్రాసిక్యూషనే, తీరా అది చేతికి సరిగా ఎక్కలేదు. కాలిఫోర్నియాలో పరిస్థితుల సాక్ష్యానికి రెండు సమంజసమైన అర్థాలు వస్తే జ్యూరీ నిర్దోషి వైపుదే తీసుకోవాలి. 1995 అక్టోబర్‌లో విడుదలయ్యాడు. 1997లో బాధిత కుటుంబాల సివిల్ దావాలో మాత్రం ఓడిపోయాడు, మొత్తం 3.35 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పొచ్చింది, ఎందుకంటే అక్కడ అనుమానానికి తావులేకుండా నిరూపించక్కర్లేదు, తక్కెడ కాస్త అటు మొగ్గితే చాలు.