రాయల్ క్రెసెంట్ వెనక గోడ

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఉంటాడు. మొన్న వేసవిలో మమ్మల్ని పక్కనే ఉన్న బాత్ నగరానికి తీసుకెళ్లి రాయల్ క్రెసెంట్ అనే పాత ఇళ్ల వరస చూపించాడు. ముందు నుంచి చూస్తే అంతా కలిపి ఒకే రాజభవనంలా ఉంది. దారి తప్పి వెనక సందులోకి వెళ్తే కప్పులు, కిటికీలు, గోడలు ఒకదానితో ఒకటి కలవలేదు. డబ్బు చాలక అలా వదిలేశారా? గుమ్మాల పక్కన ఇనప కమ్మీల అవతల అంత లోతు గొయ్యి ఎందుకు మేడమ్?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: డబ్బు చాలక కాదండీ. మీరు దారి తప్పడమే మంచిదైంది. చాలామంది ముందు పచ్చికలో ఫొటో దిగి వెళ్లిపోతారు. ఆ ఇళ్లు ఎలా కట్టారో చెప్పేది మీరు చూసిన వెనక గోడే.

1767లో మొదలుపెట్టి 1774 దాకా కట్టారు. గీసినవాడు జాన్ వుడ్. అదే పేరున్న తండ్రి కూడా ఆర్కిటెక్టే కాబట్టి ఈయన్ని చిన్న జాన్ వుడ్ అంటారు. చంద్రవంకలా వంగిన ఆ వరసలో 30 ఇళ్లు, 114 స్తంభాలు. వుడ్ గీసింది మాత్రం వీధివైపు ముఖాన్నే. ఇళ్లు తీసుకున్నవాళ్లు ఆ ముఖాన్ని గీసినట్టే ఉంచాలి. దాని వెనక ఎవరి ఇంటిని వాళ్లు తమకు కావలసినట్టు, తమ మనుషులతో కట్టించుకున్నారు. పిల్లలున్నవాళ్లకు గదులు ఎక్కువ కావాలి, విందులు చేసేవాళ్లకు హాలు పెద్దది కావాలి. అందుకే వెనక ఏ రెండిళ్లూ కలవవు. రాయి కూడా గమనించండి. ముందు తేనెరంగు బాత్ రాయిని నున్నగా చెక్కి పేర్చారు, వెనక గరుకు రాయితో సరిపెట్టారు. నాకైతే ఆ వెనకవైపే ఇష్టం, అక్కడ మనుషులు కాపురమున్నట్టు తెలుస్తుంది.

ఇక గొయ్యి సంగతి. దాన్ని అక్కడ 'ఏరియా' అంటారు. చదువుకునే రోజుల్లో బాత్‌లోనే ఒక పాత టౌన్‌హౌస్ సెల్లార్‌లో గది అద్దెకు తీసుకుని ఏడాది ఉన్నాను. నా కిటికీ ఆ గొయ్యిలోకే తెరుచుకునేది. తల ఎత్తితే ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్ల బూట్లు కనిపించేవి. గోడకు చెమ్మ, మధ్యాహ్నం కూడా లైటు. అయినా ఆ గొయ్యి లేకపోతే ఆ మాత్రం వెలుగు కూడా వచ్చేది కాదు. ఇలాంటి ఇళ్లలో వంటిల్లు, పనివాళ్ల గదులు కిందే. గొయ్యికి అవతల, ఫుట్‌పాత్ అడుగున బొగ్గు నిలవ చేసే గదులుంటాయి. పాత వీధుల్లో ఫుట్‌పాత్ మీద గుండ్రటి ఇనప మూతలు కనిపిస్తే, అవి బొగ్గు పోసే కంతలు. బొగ్గు బస్తా ఇంట్లోంచి మోయక్కర్లేకుండా పైనుంచే పోసేసేవారు.

కిటికీల ఎత్తు చూస్తే ఏ అంతస్తులో ఎవరుండేవారో చెప్పేయొచ్చు. అతిథులను కూర్చోబెట్టే మొదటి అంతస్తుకు పొడవాటి కిటికీలు, పడకగదులుండే పై అంతస్తుకు పొట్టివి. పనివాళ్లు నిద్రపోయేది ఆ పైన, కప్పు కింద ఇరుకు గదుల్లో. రోజంతా నేల అడుగున, రాత్రి కప్పు కింద. మధ్యనున్న మంచి గదుల్లోకి వాళ్లు వెళ్లేది పని కోసమే, అదీ చాలావరకు వెనక మెట్ల మీదుగా.

రాళ్లతో మూసేసిన కిటికీలు కనిపిస్తే గైడ్లు వెంటనే కిటికీ పన్ను, అంటే కిటికీల సంఖ్యను బట్టి ఇంటికి వేసే పన్ను, తప్పించుకోవడానికే మూశారంటారు. 1696 నుంచి 1851 దాకా ఆ పన్ను ఉన్న మాట నిజమే. కానీ కొన్ని మొదటినుంచీ ఉత్తుత్తి కిటికీలే, వరస కుదరడానికి పెట్టినవి. అన్నిటికీ పన్నునే కారణంగా చెబితే నమ్మకండి.

మళ్లీ వెళ్తే 1వ నంబరు ఇంటి లోపలికి వెళ్లండి, అది మ్యూజియం. చాలాకాలం వేరుపడి ఉన్న పనివాళ్ల భాగాన్ని 2013లో మళ్లీ కలిపి తెరిచారు. ముందు కింద వంటగదిలో కాసేపు నిలబడి, తర్వాత పైన భోజనాల గదికి రండి. వేడి గిన్నె చేతిలో ఉన్నట్టు అనుకుని, మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కండి.